ఫుప్పీతో అత్తారింటికి వెళ్లిన సాలీడు

నిన్న మా ఫుప్పీ, అంటే మా నాన్న చెల్లెలు, మనవరాలిని వెంటబెట్టుకుని మెదక్ వచ్చింది. ఆ పిల్ల ఫోన్లో ఏదో చదువుతూ, గరాటులాంటి గూళ్లు అల్లే సాలీళ్లలో ఒక ప్రజాతి ప్రపంచం మొత్తం మీద ఒకే ప్రాంతంలో ఉంటుందట అని ఆశ్చర్యపోతుంటే, ఆ మాట నేను చిన్నప్పుడే చెప్పానని మీసం దువ్వుకున్నాను.

మా పెరటి రాతిగోడ నిండా అలాంటి సాలీళ్లే ఉండేవి. చలికాలం పొద్దున్నే మంచు పడ్డ ఆ గూళ్లు, ఎవరో మల్‌మల్ దుపట్టాలు ఆరేసి మరిచిపోయినట్టు తడితడిగా మెరిసేవి. ఒక్కో దుపట్టా చివర రాళ్ల సందులోకి గొట్టంలా సన్నబడితే, ఆ గొట్టం మూతి దగ్గర కాళ్లు ముడుచుకుని సాలీడు కాపలా కూర్చునేది. గుహలో దాక్కున్న ప్రవక్తను, ద్వారానికి గూడల్లి శత్రువుల కంట పడకుండా కాపాడింది సాలీడే కదా అని మా దాదీ, అంటే నాయనమ్మ, ఆ గోడ మీద చీపురు పడనిచ్చేది కాదు.

ఫుప్పీది మంచి మనసు, దానికి తగ్గ పెద్ద గొంతు. ఆమె పెరట్లో కోడిని అదిలిస్తే ఖిల్లా మీద కోతులు ఉలిక్కిపడి లేచేవంటే మీరు నమ్మరు గానీ, ఆ గొంతు విని సంబంధాలు గుమ్మం దాకా వచ్చి మళ్లిపోయాయన్నది మాత్రం నిజం. అందుకే ఎల్దుర్తి వాళ్లు చూడవచ్చిన రోజు, నోరు మెదపొద్దని దాదీ ఆమెతో ఒట్టు వేయించుకుంది.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చిన పెళ్లికొడుకు తల్లి గోడను చూసి, "గిదేందమ్మా, గింత బూజా! బూజున్న ఇంట్ల బర్కత్ ఉంటదా, సిరి నిలుస్తదా?" అంటూ రాయి మీద అరచేత్తో చరిచింది. సాలీడు చటుక్కున గొట్టంలోకి మాయమైంది. దాదీ మొహం పాలిపోయింది. నాకు నాలుక దురద పుట్టింది.

"జర మెల్లగ మాట్లాడుండ్రి, ఖాలా. గీ సాలీడు మెదక్‌ల తప్ప దునియాల యాడ లేదు. లొల్లి ఉన్న ఇంట్ల ఒక్క పూట సుత ఉండది. సూడుండ్రి, మీ గొంతు ఇనంగనే ఎట్ల ఉరికిందో!"

ఆమె గోడను పైనుంచి కిందిదాకా చూసి, "గిన్ని గూళ్లా! అయితే మీ ఇంట్ల లొల్లే ఉండదన్నట్టు," అని గుసగుసలాడింది. ఆ పూట చాయ్ కూడా అందరూ చప్పుడు కాకుండా తాగారు. సంబంధం కుదిరింది. కాకపోతే, పెళ్లికూతురితో పాటు ఒక సాలీడును కూడా పంపమన్నారు. అగ్గిపెట్టెలో పెట్టి పంపాం.

అది ఎల్దుర్తి గోడలో గూడు కట్టుకుంది. అది ఎక్కడ పారిపోతుందోనని, అత్తగారు బతికున్నన్నాళ్లూ ఫుప్పీ ఆ ఇంట్లో గొంతు పెంచలేదు. పుట్టింటికొస్తే మాత్రం తెచ్చిన మూట కూడా విప్పకముందే ఈ గోడ ముందు నిలబడి నన్ను పిలిచి, "నా నోరు కట్టేసినవ్ గదరా, లుచ్చా!" అని దాచుకున్న అరుపులన్నీ అరిచేది. ఒక్క సాలీడూ కదిలేది కాదు.

ఇప్పుడా గోడకు సిమెంటు పూత, ఒక్క సందు కూడా లేదు. నిన్న కూడా ఫుప్పీ అలవాటుగా అక్కడికే వెళ్లి, చెయ్యెత్తి నన్ను ఆ తిట్టే తిట్టింది. దగ్గరికి వెళ్లి చెవి పెడితే గానీ వినపడలేదు.