ఇత్తడి పలక కింద దావీదు

మీరు దావీదును చూసి తీరాల్సిందే. పటాన్‌చెరులో బస్సు దిగి వెల్డింగు దావీదు ఎక్కడని ఎవరినడిగినా చెప్తారు, చెప్తూ నవ్వుతారు. ఈ చుట్టుపక్కల ఇనుముతో చేసిన ప్రతి వస్తువూ తన చేతి మీదుగానే పోయిందని చెప్పుకున్న మనిషి మరి. ఠాణా గేటు తనదే, రైసుమిల్లు తొట్టి తనదే. ఒకసారి చార్మినార్ మాట వస్తే, అందులో వెల్డింగు పనేమీ లేదని విని పాపం చాలా బాధపడ్డాడట.

ఊరు వెలిమెల. తండ్రి బడిపంతులు. కొడుకు పలక మీద అక్షరాలు దిద్దుతాడని ఆయన ఆశ. కొడుకేమో ముషీరాబాదులో కిటికీ చువ్వలు చేసే దస్తగిరి ఉస్తాద్ దగ్గర చేరి, ఇనుము మీద నిప్పుతో దిద్దాడు. బాగా దిద్దాడు, అందులో అబద్ధం లేదు. అతను వేసిన అతుకు పడుచుపిల్ల అల్లిన జడలా ఉంటుంది. ఆ జడ గురించి ఊరంతా చెప్పకుండా ఉండలేకపోవడమే అతని జబ్బు.

ఊళ్లో చర్చి కిటికీల చువ్వలు అతని పనే. ఒక ఆదివారం జ్ఞానప్రకాశం అయ్యగారు గర్వం ఎంత పాపమో చెప్తూ పదే పదే ఇతని వైపే చూశారు. దావీదు మురిసిపోయి పెళ్లాం చెవిలో గుసగుసలాడాడు.

"సూసినవా, అయ్యగారి కండ్లు మొత్తం నా కిటికీ మీదనే ఉన్నయి."

"కిటికీ మీద గాదు, నీ మీద. నోరు మూస్కొని విను," అంది దయావతి.

డెబ్భై నాలుగులో పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలకు పెద్ద పెద్ద తొట్లు, డ్రమ్ములు చేసిపెట్టే కొత్త కంపెనీ ఒకటి వచ్చింది. దావీదు అందులో చేరాడు. షెడ్డులో మొదట తయారైంది కంపెనీ సొంతానికే, మెషిన్లకు గాలి పట్టి ఉంచే ట్యాంకు. ఏనుగంత ఉంటుంది. దానితోనే ప్రారంభోత్సవం. మేనేజరు సత్తిబాబు గోదావరి జిల్లా మనిషి, హడావుడి ఎక్కువ. రిబ్బను కత్తిరించడం బట్టల కొట్టువాళ్లు కూడా చేస్తారు, మనం కొత్తగా చేద్దాం అన్నాడు. ట్యాంకు అతుకులో చివరి జానెడు వదిలిపెట్టమన్నాడు. దాన్ని చైర్మన్‌గారు స్వహస్తాలతో అతుకుతారు!

చైర్మన్ రంగనాయకులుగారు హైదరాబాదులో పెద్ద వకీలు. ఇనుముతో ఆయనకున్న పరిచయం బీరువా తాళంచెవి వరకే.

పంతులు మంత్రం చదివాడు, కొబ్బరికాయ కొట్టాడు. చైర్మన్‌గారు తోలు తొడుగులు వేసుకుని, వెల్డింగు రాడ్డు బిగించిన హోల్డరు పట్టుకున్నారు. రాడ్డు ట్యాంకుకు తాకగానే అంటుకుపోయింది. లాగారు. రాలేదు. మళ్లీ లాగితే రాడ్డూ, హోల్డరూ, చైర్మన్‌గారూ కలిసి వెనక్కి వచ్చారు. సత్తిబాబు చప్పట్లు కొట్టాడు, అందరూ కొట్టారు. అలా కాసేపు నిప్పులు కురిశాక జానెడు పని పూర్తయింది. కోడి పెంటకుప్పను కెలికినట్టుంది. ఒకచోట ముద్ద, ఒకచోట బొక్క.

"ఈ అతుకు ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. దీని కిందే చైర్మన్‌గారి పేరుతో ఇత్తడి పలక బిగిస్తున్నాం," అన్నాడు సత్తిబాబు.

"సార్, రేపు దీంట్ల నీళ్లు నింపి జోరుగ పంపు కొడ్తరు. గది కారుతది," అన్నాడు దావీదు. "కారకపోతే ఇంకా డేంజర్. గాలి నిండినంక పగిలితే పక్కపొంటి నిలవడ్డోడు లేచిపోతడు. జెర గీకి మళ్ల ఏస్త."

"చైర్మన్‌గారి చేతి పని గీకుతావా? గీకితే నీ ఉద్యోగం కూడా గీకేసుకున్నట్టే. కారిందా, మిగతా అతుకంతా ఎవరేశారయ్యా? నువ్వేగా!"

ఇంతా చెప్పి ఆయన అతిథులతో షామియానాలోకి భోజనానికి వెళ్లిపోయాడు. మైకులో పాటలు హోరెత్తుతున్నాయి. దావీదు, గ్రైండింగు చక్రం తిప్పే యాదన్న మిగిలారు.

"దొరికితే ఇద్దరం ఇంటికే," అన్నాడు యాదన్న.

"దొరకబట్టేటోళ్లందరు బిర్యానీ మీదున్నరు. నువ్వు చక్రం తిప్పు."

"నా పెండ్లాం అడిగితే ఏం చెప్పాలె?"

"దావీదు చెయ్యి సూడనీకి ఆగిన అని చెప్పు."

"గది నమ్మది. నీ చెయ్యి కన్న నీ నోరే పెద్దదంటది."

యాదన్న చైర్మన్‌గారి కళాఖండాన్ని నున్నగా గీకేశాడు. దావీదు కూర్చుని, ఊపిరి బిగబట్టి, తన జన్మలోనే గొప్ప అతుకు వేశాడు. వేసి ఊరుకుంటే దావీదు ఎందుకవుతాడు? మా పారిశ్రామికవాడలో ఒక పద్ధతి ఉంది. ప్రతి వెల్డరుకూ ఒక అచ్చు ఇస్తారు. తను వేసిన అతుకు పక్కన సుత్తితో ఆ గుర్తు కొట్టాలి. మెచ్చుకున్నా తిట్టినా ఎవరినన్నది తెలియాలి కదా. దావీదుది 'డి' అక్షరం. ఇత్తడి పలక బిగించడానికి ట్యాంకు మీద రెండు బోల్టులు ముందే అతికి ఉన్నాయి. సరిగ్గా వాటి మధ్య, పలక కింద కప్పబడిపోయేచోట, టంగుమని కొట్టాడు.

భోజనం చేసి వచ్చిన సత్తిబాబు నోరు తెరిచాడు.

"చూశారా! చల్లారేసరికి ఎంత అందంగా తేలిందో! మహానుభావుల చెయ్యంటే అదీ!"

ఆయనే స్వయంగా పలక పెట్టి నట్లు బిగించాడు. మర్నాడు ట్యాంకులో నీళ్లు నింపి పంపు కొట్టారు. చెమ్మ కూడా రాలేదు.

అప్పటినుంచి చైర్మన్‌గారు వెల్డింగు పండితులైపోయారు. ఏ సభలో మాట్లాడినా ఇనుము దగ్గరికే వచ్చేవారు. చేతిలో నిలకడ, మనసులో శాంతి ఉంటే ఇనుము దానంతటదే అతుక్కుంటుందట! ఎవరొచ్చినా ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లి చూపించేవారు. దావీదు పక్కనే నిలబడి వినాలి. పంటి కింద ఆ ఇనుప అచ్చు పెట్టుకుని కొరికినట్టుండేదట అతనికి. ఇంటికెళ్లి దయావతి ముందు కూలబడ్డాడు.

"లోకంల ఉన్న అతుకులన్ని నాయే అంటివి," అందామె. "ఇప్పుడు నిజంగ నీదైంది ఒక్కటున్నది, అది చెప్పుకోరాదు. దేవుడు నిన్ను మస్తుగ అతికిండు పో."

కొన్నేళ్లకు హెడ్డు మేస్త్రీ ఉద్యోగం ఖాళీ అయింది. దావీదుకు అది కావాలి, పేరు కోసం కాదు. కళ్లల్లో ఇసుక పోసినట్టుంటోంది. ఇంకా ఆ వెల్డింగు వెలుగు చూస్తే చూపే పోతుందని సంగారెడ్డిలో డాక్టరు చెప్పాడు. మేస్త్రీ అయితే చేయించడమే, చేయడం ఉండదు. పరీక్ష పెడతామన్నారు. పరీక్షాధికారి ఎవరనుకుంటున్నారు? రంగనాయకులుగారే!

ఆ పొద్దున దయావతి కూతురు గ్రేసును ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చింది.

"గ్రేసు నాయినా, ఇయ్యాల ఒక్క దినం నోరు తెరువకు. నీ కండ్లు నాకు గావాలె."

దావీదు జేబులో నట్లు విప్పే పానా ఉంది. అది ఆమె చూడలేదు.

రెండు ఇనుప రేకులు అతికి చైర్మన్‌గారి ముందు పెట్టాడు. చెయ్యి బాగానే నడిచింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చూశారు. రేకు పట్టుకుని ట్యాంకు దగ్గరికి నడిచారు. సత్తిబాబు, యాదన్న, పనివాళ్లందరూ వెనకే.

"పరవాలేదోయ్. కానీ ఇదిగో, నాది చూడు. ఎంత ప్రశాంతంగా ఉందో! నీ దాంట్లో అహంకారం కనిపిస్తోంది. ఇలా వేయడం నీవల్ల అవుతుందా?"

యాదన్న గట్టిగా దగ్గాడు. దావీదు చెయ్యి జేబులోకి పోయింది. రెండు నట్లు. విప్పితే పలక కింద పడుతుంది, 'డి' బయటపడుతుంది. చైర్మన్‌గారు, సత్తిబాబు, మూడు షెడ్ల జనం చూస్తారు. జీవితమంతా చెప్పిన గొప్పలన్నిటిలో నిజమైనది ఒక్కటి, దానికి సాక్ష్యం వేలెడు దూరంలో!

దావీదు చెయ్యి బయటికి తీశాడు. ఖాళీగా.

"యాడయితది సార్," అన్నాడు. "నాకైతే మళ్ల అట్ల రాదు."

"వినయం ఉన్నవాడే మేస్త్రీ!" అన్నారు చైర్మన్‌గారు. ఉద్యోగం ఇచ్చేశారు. సత్తిబాబు చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు షెడ్డుకు వచ్చినవాళ్లకు ట్యాంకు చూపించడం హెడ్డు మేస్త్రీ పని. చైర్మన్‌గారు ఎంత లాఘవంగా అతికారో దావీదే వర్ణించి చెప్తాడు. విన్నాను, చాలా బాగా చెప్తాడు, రాడ్డు అంటుకున్న సంగతి తప్ప. వాళ్లు వెళ్లాక పలకను చింతపండుతో తోముతాడు. ఆ రెండు నట్లకూ ఇంత నూనె పెడతాడు, తుప్పు పట్టకుండా.

సరే, చెప్పండి. కళ్లు మండుతున్నాయి, జేబులో పానా ఉంది, ఎదురుగా చైర్మన్‌గారు మీ అతుకును తనదనుకుని మురిసిపోతున్నారు. మీరైతే ఏం చేసేవారు?