అర రొట్టె లెక్క

ముందే జెప్తాండా. నేను సదివింది ఐదు. రాత వంకర, అచ్చరాలు గూడా తప్పులు పోతాయి. సదవను కష్టమైతే ఓర్చుకోండి. శానా ఏండ్లుగా గుండె మీద బండ పెట్టుకోని తిరుగుతాండా. ఇంగ మోయలేను. మా ఆయనకు గూడా జెప్పలా. మీకే జెప్తాండా.

మాది బేతంచెర్ల. మా ఆయనది నాపరాళ్ల పాలిష్ పని. ఆడ కూలోళ్ల పిల్లోళ్లకు రేకుల షెడ్డులో బడి పెట్టినారు. సారు కొన్నాళ్లు వచ్చి మానుకున్యాడు. అప్పుడు నేనూ బండలు మోస్తాంటి. ఐదు సదివినావు గదమ్మా, నువ్వే కూచో అన్యాడు షెడ్డాయన. కూచుంటి.

సదవడం, రాయడం బాగనే జెప్పినా. తర్వాత భిన్నాలు వచ్చినాయి. నా ఐదో తరగతిలో అవి జెప్పేటప్పుడు నేను చేన్లో శెనక్కాయ బుడ్డలు పీకను పొయినా. నాకెట్ల వచ్చాయి? మా కాడ బండ మీద సుద్దతో పైన పొడువు, గీత గీసి కింద ఎడల్పు రాస్తారు. భిన్నం గూడా అట్లే కనపడె నాకు. పైది పైదాంతో కలుపు, కిందిది కిందిదాంతో కలుపు అని జెప్పినా. ధైర్యంగా జెప్పినా.

సుంకులమ్మని ఒక పాప ఉండ్య. బండలు మోసేటామె కూతురు. గురుకులం పరీచ్చకు సదువుతాంది. సీటొస్తే ఆడనే తిండి, ఆడనే సదువు. రాకుంటే వాళ్లమ్మ ఎనకాల బండల కాడికే. ఆ పాప ఒకనాడు లేసి అడిగె.

"అక్కా, అర రొట్టె తిని, మళ్లా అర తింటే, ఒక రొట్టె అయితాది గదా. నువ్వు జెప్పినట్ల కలిపితే నాలుగింట్లో రెండు వచ్చాండాది. అంటే మళ్లా అరే గదక్కా. ఇంగో అర యాడికి పాయ?"

టీచరక్క తినేసింటాది అన్యాడు ఒకడు. అందురూ నవ్వినారు. నా లెక్క తప్పని ఆ పొద్దే తెల్సిపాయ. ఈ మాట బాగ ఇనండి. తెలీక జేసింది కాదు.

"రొట్టె లెక్క వేరు, బడి లెక్క వేరు. నోరు మూసుకోని రాసుకో" అంటి.

రాసుకునె. పరీచ్చలో గూడా అట్లే రాసినా అని వచ్చి జెప్పె. సీటు రాల్యా. యాడ తప్పిందమ్మా అని వాళ్లమ్మ అడిగితే, నీ కూతురికి లెక్కలు బుర్రకెక్కవు అని జెప్పినా. పాప పక్కనే నిలబడి ఇన్యాది.

యాల అట్ల జెప్పినా? తప్పు ఒప్పుకుంటే నన్ను మళ్లా బండలకు పంపుతారని భయమా? టీచరక్కా అని పిలిపించుకునే రుచి మరిగినానా? రెండూ ఉండాయి.

అట్లని తల వంచుకోని ఏడ్చను. ఎండకు కాగే ఆ షెడ్డులో నేను దప్ప ఎవురు కూచున్యారు? పెద్ద సదువులోళ్లు ఒక్కరన్నా వచ్చిరా? ఆ పిల్లోళ్లు ఈ పొద్దు బస్సు బోర్డు సదువుకుంటాండారంటే నా వల్లనే. ఐదు సదివినదాన్ని టీచరు జేసినోళ్లు గూడా జవాబు జెప్పాల. భిన్నాలు రాకపోవడం నా తప్పు అని నేను ఒప్పుకోను. తెల్సినాక పాప నోరు మూయించినా జూడు, అది నాది. ఎవురి మీదికీ తొయ్యను.

సుంకులమ్మ ఇప్పుడు పాలిష్ మిషన్ కాడ పని జేస్తాంది. కనపడితే అన్నం తింటివా అక్కా అని నవ్వుతాది. బుర్రకెక్కంది నాకు పాపా, నీకు కాదు. మొగం మీద అనలేక ఈడ రాస్తాండా. రాసినాక కొంచెం ఊపిరాడ్తాండాది.

అచ్చరాల తప్పులుంటే మన్నించండి. తెల్సీ దిద్దని ఆ లెక్క తప్పును మన్నించమని మాత్రం అడగను.