కాకి ముట్టని విస్తరి

బ్లౌజు కొలతలు ఇస్తూ ఆడవాళ్లు చెప్పే కథలు వినీ వినీ, దయ్యాల మీద నాకున్న కాస్త భయం కూడా ఎప్పుడో పోయింది. సుల్తానాబాద్ బస్టాండు దగ్గరి సందులో నాది లేడీస్ టైలరింగ్ షాపు. ఎవరికో పూనకం వచ్చిందనీ, ఎవరో పొలం గట్టు మీద చచ్చినవాణ్ని చూశారనీ చెబుతుంటే, నోట్లో గుండుసూదులు పెట్టుకుని తల ఊపేదాన్ని. వాళ్లు మెట్లు దిగాక నవ్వుకునేదాన్ని. ఇది చదివి మీరూ అలాగే నవ్వుకోవచ్చు, నాకేం కోపం రాదు. జరిగింది జరిగినట్టు చెప్పడం వరకే నా పని.

నాకు ఒక్కడే తమ్ముడు, మల్లేశం. మస్కట్‌లో ఒక కట్టడాల కంపెనీలో సెంట్రింగ్ పనికి పోయాడు. ఒక శుక్రవారం సెలవు నాడు గదిలోని వాళ్లతో కలిసి సముద్రానికి స్నానానికి వెళ్లి అలకు కొట్టుకుపోయాడు. వాడి ఒళ్లు దొరకలేదు. కొన్నాళ్లకు వాడి బ్యాగు మాత్రం ఇంటికి వచ్చింది. దాన్ని తీసుకున్నది నేనే.

ఒళ్లు లేని చావుకు గడ్డిబొమ్మ చేసి, దానికి వాడి అంగీ తొడిగి కాల్చారు. తర్వాత పిట్టకు పెట్టారు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు మనిషి పోయాక వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, మోదుగాకుల విస్తరిలో వడ్డించి, ఆరుబయట పెట్టి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని చుట్టాలంతా ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు.

ఆ రోజు గోడ మీద కాకులు వరుసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. మేనమామ మాట ఇచ్చాడు, చిన్నాయన మాట ఇచ్చాడు, మా అవ్వను, అంటే అమ్మను, కడదాకా చూసుకుంటానని నేనూ చేతులు జోడించి చెప్పాను. పొద్దు వాలేదాకా చూసి, చివరికి ఆ అన్నం ఆవుకు పెట్టారు.

ఊరు ఊరంతా విరగబడి చూస్తుంటే ఏ కాకి మాత్రం దిగుతుందని నేను అందరితో వాదించాను. ఇప్పటికీ ఆ రోజు సంగతి నాకు అంతేనని అనిపిస్తుంది. కానీ అవ్వ దగ్గర నా వాదన పనిచేయలేదు. అప్పటి నుంచి ఆమె తిండి తగ్గించింది. రోజుకు ఒక్క పూట, అదీ నాలుగు ముద్దలు. బతిమాలాను, తిట్టాను, అలిగాను. ఒకటే మాట చెప్పేది.

"వాడు ముట్టంది నేనెట్ల ముట్టాలె బిడ్డా? కడుపు కాలుకుంటనే తిరుగుతుండు వాడు."

బాపు, అంటే మా నాన్న, ముందే పోయాడు, కాబట్టి ఆమెను నా ఇంటికే తెచ్చుకున్నాను. నా కళ్ల ముందే ఎండిపోతూ వచ్చింది. ఆమె రవికలన్నీ నేనే కుడతాను కదా, ఏడాదిలో ఎంత తగ్గిందో నా చేతులకు తెలుసు. ఒకనాడు షాపులో కళ్లు తిరిగి పడిపోతే కరీంనగర్ తీసుకుపోయాం. ఒంట్లో రక్తం లేదు, ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. ఆ మాట నాకు భయం పుట్టించింది. తమ్ముడు పోయినందుకు ఏడ్చాను గాని, భయపడింది మాత్రం ఆ రోజే.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను చీరకు ఫాల్ కుడుతుంటే, సముద్రం ఎక్కడుంటుందని అవ్వ అడిగింది. ఏ సముద్రం అన్నాను.

"ఏ సముద్రమైతేంది. నీళ్లన్ని ఒక్కటే గదా," అంది.

ఏం అడుగుతోందో అప్పుడు అర్థమైంది. ఇంటి దగ్గర రాని పిట్ట, వాడు పోయిన నీళ్ల దగ్గరైతే వస్తుందేమోనని ఆమె ఆశ. మస్కట్‌కు ఎలాగూ తీసుకుపోలేను. విశాఖపట్నం ఉంది కదా అనిపించింది. నిజం చెబితే, నాకు పిట్ట మీద నమ్మకం కలగలేదు. అవ్వకు ఉన్న నమ్మకాన్నే వాడుకుందామనుకున్నాను. ఎక్కడో ఒక చోట ఒక కాకి ఒక మెతుకు ముడితే మా అవ్వ బతుకుతుంది. నాకు కావాల్సింది అంతే.

సంగతి బయటికి చెబితే చుట్టాలంతా బయల్దేరతారు, మళ్లీ గుంపు, మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఒక్క రోజు విశాఖ చూసొస్తామని ఊళ్లో చెప్పాం. మా ఆయన రైస్ మిల్లులో పని చేస్తాడు, కోతల కాలం కావడంతో సెలవు దొరకలేదు. నేనూ అవ్వే పోవాలని తేలింది.

ఇక ప్లాను వేయడం మొదలుపెట్టాను. ఒక్క రోజులో విశాఖ చూడడం ఎలా అని ఫోనులో లెక్కలేనన్ని వీడియోలు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కరూ కాకుల సంగతి చెప్పరు. నా ప్లాను పైకి మామూలు టూరులాగే ఉండేది. పొద్దున్నే బీచి, తర్వాత కైలాసగిరి, మధ్యాహ్నం ఒడ్డున నిలబెట్టిన సబ్‌మెరైన్, సాయంత్రం సింహాచలం, రాత్రికి తిరుగు రైలు. బీచి మొదట ఎందుకు పెట్టానంటే, పొద్దున కాకి ఆకలి మీద ఉంటుంది. పిట్టకు పెట్టిన చేతులతో గుడికి పోవద్దని అవ్వ సింహాచలం కొట్టేసింది. మిగతా అన్నిటికీ ఊఁ అంది.

మా ఎదురింటి ఖాజా భాయ్ బియ్యం లారీ నడుపుతాడు, విశాఖ ఓడరేవుకు చాలాసార్లు పోయొచ్చాడు. అసలు సంగతి ఆయనకు ఒక్కడికే చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఎక్కడ పెట్టాలో చెప్పాడు.

"చేపల రేవు దిక్కు పోకుండ్రి అక్కా. ఆడి కాకులు పొద్దుగాలనే మస్తుగ తిని ఉంటయి. మీ ముద్దకు జర భీ రావు. ఋషికొండ దాటినంక రాళ్లు ఉంటయి, ఆడ పెట్టుండ్రి."

అలా కాకుల కడుపులు కూడా లెక్కలోకి తీసుకుని వేసిన ప్లాను అది. దాంట్లో పొరపాటు ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

బయల్దేరే రోజు అవ్వ తెల్లవారకముందే లేచి బియ్యప్పిండితో సర్వప్ప కాల్చింది, కోడికూర పొడిగా వేయించింది, అన్నం వార్చింది. చలికాలం కాబట్టి పాడవుతుందన్న బెంగ లేదు. వరంగల్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. దారంతా ఆ వంటల సంచిని అవ్వ ఒళ్లోంచి దించలేదు. ఎవరైనా దాటుతారేమోనని కింద పెట్టనివ్వలేదు.

విశాఖ స్టేషనులో స్నానాలు చేసి బయటికి వచ్చి రోజంతటికీ ఒక ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు పేరు అప్పలరాజు, నడివయసు మనిషి. కరీంనగర్ వైపు నుంచి వచ్చామని, రాళ్ల దగ్గర కాకులకు అన్నం పెట్టే పని ఉందని చెప్పాను. మాకూ ఉందమ్మా ఆ పద్ధతి అన్నాడు. ఎవరికోసం అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

అవ్వ సముద్రం చూడడం అదే మొదటిసారి. ఇంత పెద్దగ ఉంటుందా అని మాత్రం అంది. నీళ్లను ముట్టుకోలేదు. తడవని ఒక చదును రాయి చూసి, దాని మీద విస్తరి పరిచి, అన్నీ వడ్డించింది. ఆడవాళ్లు పెట్టవచ్చా అని అడిగే పెద్దమనుషులు అక్కడ ఎవరూ లేరు. వాడి పేరు పెట్టి మెల్లగా పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది, ఇంట్లో అన్నానికి పిలిచినట్టే ఉంది. నాకే ఏడుపు ఆగలేదు.

పెట్టినవాళ్లు చూస్తుంటే పిట్ట దిగదంటారు. అందుకని రోడ్డు పక్క ఆటో దగ్గరికి వచ్చి, సముద్రానికి వీపు చేసి కూర్చున్నాం. నేను మాత్రం దొంగచాటుగా తిరిగి చూస్తూనే ఉన్నాను. సరుగుడు చెట్ల నిండా కాకులే. ఒకటి దిగింది. నా ప్రాణం లేచి వచ్చింది. అది విస్తరి చుట్టూ తిరిగి, ముక్కు కూడా పెట్టకుండా ఎగిరిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ అంతే. అక్కడ గుంపు లేదు, అరుపుల్లేవు, అవి ఆకలి మీద ఉన్న వేళ. అయినా ముట్టలేదు. ఎండ ఎక్కుతోంది. ఇక అవ్వకు ఏ మాట చెప్పి ఒక ముద్ద తినిపించాలో నాకు తోచలేదు. మొహం చూపించలేక, టీ తెస్తానని చెప్పి రోడ్డు మీద కాస్త దూరంలో ఉన్న బండి దగ్గరికి నడిచాను.

టీ తీసుకుని వచ్చేసరికి అవ్వ అలాగే వీపు తిప్పి కూర్చుని ఉంది. అప్పలరాజు ఆటోకు ఆనుకుని సముద్రం వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. కాకి ముట్టిందా అని మెల్లగా అడిగాను.

"కాకేటమ్మా, మీవోడు తినేశాడు గదా," అన్నాడు.

మావాడెవరు, మేమిద్దరమే వచ్చాం అన్నాను. అతను తెల్లబోయాడు. రాళ్ల వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడట. తిన్నగా విస్తరి ముందు కూర్చుని తిన్నాడట. కూర్చున్న తీరు చూసి మా మనిషే అనుకున్నాడట. తిన్నాక నీళ్ల దగ్గర చెయ్యి కడుక్కుని రాళ్ల వైపే వెళ్లిపోయాడట. ఎవరో బిచ్చగాడై ఉంటాడని నేను అంటే, తల అడ్డంగా ఊపాడు.

"కాదమ్మా. ఇంట్లో తిన్నట్టు తిన్నాడు."

అప్పుడు అవ్వ లేచింది. అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏ చేతితోటి తిన్నడు?" అని అడిగింది.

అప్పలరాజుకు మొదట అర్థం కాలేదు. తర్వాత కళ్లు సగం మూసి, చూసింది గుర్తు చేసుకుంటూ తన రెండు చేతులూ కదిపి, ఎడమ చెయ్యి పైకెత్తాడు. "ఇదమ్మా. ఎడం చేత్తో."

మల్లేశం ఎడమ చేత్తో తినేవాడు. చిన్నప్పుడు అవ్వ ఆ చేతికి గుడ్డ కట్టి చూసింది, వాత పెడతానని బెదిరించింది. మారలేదు. పెళ్లిళ్లలో నలుగురూ నవ్వుతారని బంతి చివర కూర్చునేవాడు. ఈ సంగతి అప్పలరాజుకు చెప్పినవాళ్లు లేరు. అవ్వ ప్రశ్నలో కూడా జవాబు లేదు.

నేను టీ గ్లాసులు అక్కడే పడేసి పరుగెత్తాను. విస్తరి చెదరలేదు. అన్నం లేదు, సర్వప్ప లేదు, కోడి ఎముకలు ఆకు అంచున కుప్పగా ఉన్నాయి. చుట్టూ రాయే కాబట్టి అడుగులు పడే చోటు కాదు. రాళ్ల చివరిదాకా పోయి చూశాను, పిలిచాను కూడా. వాడి పేరుతోనే పిలిచాను. అవతల వల బాగు చేసుకుంటున్న వాళ్లను అడిగితే, ఇటు ఎవరూ రాలేదన్నారు.

తిరిగి వచ్చేసరికి అవ్వ సంచి విప్పి, మిగిలిన అన్నం ముందు పెట్టుకుని తింటోంది. కడుపు నిండా తింది. వేళ్లు నాకింది. తర్వాత ఇంక ఏమేమి చూసేది ఉందని అడిగింది. కైలాసగిరి ఎక్కింది, సబ్‌మెరైన్ లోపల ఆ గొట్టాలన్నీ చేత్తో తడిమి చూసింది. ఆ రోజు విశాఖ చూసింది అవ్వే. నాకు ఒక్కటీ గుర్తు లేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. అవ్వ రెండు పూటలా తింటోంది, కాస్త ఒళ్లు చేసింది, రవికలు మళ్లీ వదులు చేశాను. డాక్టరు మందుల వల్లే అన్నాడు, అననివ్వండి.

నేను మిషను ముందు కూర్చుని అన్ని రకాలుగా ఆలోచించాను. ఆకలిగొన్న కుర్రాడెవడో తిన్నాడు, వాడిది ఎడమచేతి వాటం. లేదా అప్పలరాజు చూసింది తారుమారుగా గుర్తు పెట్టుకున్నాడు. జరగకూడదని ఏమీ లేదు. కానీ ఆకలి మీద ఉన్న కాకులు ఎందుకు ముట్టలేదు? కులపెద్దను అడిగాను. కాకి ముడితే పోయినవాడు తృప్తి పడ్డట్టు, మరి మనిషి ముడితే ఏమిటని. అసుంటిది నేను వినలే బిడ్డా అన్నాడు.

మస్కట్‌లో వాడితో ఉన్నవాళ్లకు మళ్లీ ఫోను చేశాను. అల రావడం చూశామన్నారు, తర్వాత వాడు కనపడలేదన్నారు. మొదటిసారి చెప్పిందీ అదే. అప్పుడు ఆ మాట విని వాడు పోయాడనుకున్నాను. ఇప్పుడు అదే మాట విని ఫోను పెట్టేయలేకపోయాను.

అవ్వను అడగడం మానేశాను. వాడు ఉన్నాడా, పోయాడా అంటే, "వాని కడుపు నిండింది," అంటుంది. ఆమెకు అంతకన్నా అక్కర్లేదు. ఆమె ఫికర్ అంతా తీరిపోయింది. అది ఎటూ పోలేదు, నాకు వచ్చింది.

షాపుకు కొత్తగా వచ్చే ఆడవాళ్లు కొలతలు ఇస్తూ, తోడబుట్టినవాళ్లు ఎంతమంది అని అడుగుతారు. ఒక తమ్ముడు అంటాను. ఏం చేస్తాడు అంటారు. ఇదివరకు లేడని ఒక్క మాటలో చెప్పేసి టేపు తిప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట నోటికి రావడం లేదు.