పుంగనూరులో ఎదురు నిలబడి

నా కూతురు సైకిల్ పందేల పిల్ల. తెల్లారకముందే లేచి హార్స్‌లీ కొండ ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి వస్తుంది. అది గడప దాటి సందు మలుపు తిరిగేదాకా నేను పొయ్యి దగ్గర్నుంచి లేచేదాన్ని కాదు. మొగుడు పోయిన ఆడది బయల్దేరేవాళ్లకు ఎదురు రాకూడదని మా అమ్మ చెప్పింది, మా అత్త చెప్పింది, నేనూ నమ్మాను. అది పడి మోకాళ్లు చెక్కుకుని వస్తే, ఎక్కడ ఎదురుపడ్డానో అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఆడపిల్లల పందెం పెట్టారు. ముందు గుంపులో వస్తే జీతమిచ్చి తన జట్టులో పెట్టుకుంటానని ఒక సైకిల్ జట్టు యజమాని చెప్పి ఉన్నాడు. మిగతా పిల్లలకు జట్లున్నాయి, దారిలో నీళ్ల సీసాలు అందించే మనుషులున్నారు. దీనికి మా తమ్ముడు ఒక్కడే. వాడేమో ముందురోజు పొద్దున జ్వరంతో పడ్డాడు.

"మామ లేసేతట్టు లేడు. పుంగనూరు కాడ నువ్వే నిలబడల్ల మా," అంది.

"నేనా? నీకు ఎదురుగానా? వొద్దు తల్లీ, ఇంకెవరినన్నా పిలుస్తా."

"నా కాళ్లు శకునం అడగవు మా, నీళ్లు అడుగుతాయి. ఆడ నీళ్లు అందకపోతే కుప్పం ఎత్తుల్లో నిలబడిపోతా."

ఆ సాయంత్రమే సందులో నేర్పింది. సీసాను మూతి దగ్గర రెండు వేళ్లతో పట్టుకోవాలి, దాని చెయ్యి తగలగానే వదిలేయాలి. నేనెక్కడ వదిలాను? సైకిల్ ఊగి గోడకు కొట్టుకోబోయింది. పక్కింటి ముసలామె అరుగు మీద కూర్చుని ఒకటే నవ్వు.

"ఏమమ్మే, కూతురికి నీళ్లిచ్చేదానికి ఇంత కుస్తీ యాల?"

పందెం రోజు పుంగనూరులో జట్ల మనుషులు సీసాలు పట్టుకుని రోడ్డంచున వరసగా నిలబడ్డారు. నేను పోయి వాళ్ల వెనక నిలబడ్డాను. పంక్చర్ అంగడి సాయిబు చూశాడు.

"ఏమ్మా, ఆడ దాక్కుంటే నీ బిడ్డకు యట్ల కనపడతావ్?"

"మొగుడు లేనిదాన్నప్పా. ఎదురు రాకూడదు."

"ఆ పాపకు కావల్సింది నీళ్లు గదమ్మా, నీ మొగుడు కాదు గదా! పో, ముందుకు పో!"

నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ ఊపులోనే రోడ్డంచుకు వచ్చేశాను. గాలి చీలిన చప్పుడు, రంగురంగుల గుంపు, అందులో అది. నన్ను చూసి చెయ్యి చాచింది. అంతే, నా వేళ్ల మధ్య ఏమీ లేదు. సీసా పడిపోయిందేమోనని రోడ్డంతా వెతికాను.

"అందిందమ్మా, అందింది!" అని సాయిబు అంగట్లోంచే అరిచాడు.

ఎవరిదో జట్టు వ్యాను ఎక్కి కుప్పం చేరేసరికి, అది రోడ్డు పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మొహమంతా దుమ్ము, చెమట ఉప్పు.

"ముందు గుంపే మా. ఐదోదాన్ని."

"నీళ్లు చాలినాయా?"

"చాలినాయి. నిమ్మకాయే యక్కువ పిండినావు, నోట్లో పండ్లన్నీ పులిసిపోయినాయి."

యజమాని మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు దానికి సీసాలు అందించడానికి జట్టు మనుషులే ఉన్నారు. అయినా మా వైపు పందెం జరిగితే నేను పోయి రోడ్డంచున ముందు వరసలోనే నిలబడతాను. అది నన్ను చూడదు, ముందున్న చక్రాన్నే చూస్తుంది. నేను మాత్రం పక్కకు జరగను.