మూడు మూలల చుక్క

మా ఆయన ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. ఏ బోల్టు కనిపించినా చెయ్యి ఊరుకోదు, బిగించేస్తారు. నా టెలిస్కోపు అద్దాన్నీ అలాగే బిగించారు.

ఆ అద్దం నా చేత్తో చేసింది. పదంగుళాల గాజు పలక, మందం తక్కువ. బడిలో పాఠాలు చెప్పి వచ్చాక, వరండాలో డ్రమ్ము మీద పెట్టి దాని చుట్టూ తిరుగుతూ, కరుకు పొడీ నీళ్లూ వేసి గుంటగా అరగదీశాను. చలికాలమంతా పట్టింది. మెరుపు పూత వేయించి తెచ్చాక, గొట్టం అడుగున ప్లైవుడ్ చెక్క మీద మూడు దిమ్మలపై కూర్చోబెట్టి, అంచున మూడు క్లిప్పులు పెట్టాం. వాటిని ఆయనే గట్టిగా బిగించారు.

చీకటి పడగానే నెహ్రూ నగర్‌లో మా డాబా మీదకి ఎక్కించి, నడినెత్తిన ఉన్న పెద్ద చుక్క వైపు తిప్పాను. గుండ్రంగా ఉండాల్సిన చుక్క సమోసాలా మూడు మూలలతో కనిపించింది.

"అద్దం వంకరగా అరిగిందేమోనే. పోన్లే, తయారుగా ఉన్నది కొనేద్దాం," అన్నారాయన.

ఒళ్లు మండింది. "ముందు తప్పెక్కడుందో తేలాలి," అన్నాను.

మర్నాడు అద్దాన్ని పావు చుట్టు తిప్పి పెట్టాం. తప్పు గాజులోనే ఉంటే మూలలు కూడా అద్దంతో పాటు తిరగాలి. సాయంత్రం చూస్తే ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. నా గాజు బాగానే ఉంది, దాన్ని పట్టుకున్న తీరే బాగోలేదు.

క్లిప్పుల కింద కాగితం దూరేంత వదులు చేశాను. మూలలు తగ్గాయి గానీ పోలేదు. పలచటి గాజు మూడు చోట్లే ఆనితే మధ్యలో కుంగుతుంది. దాన్ని తొమ్మిది చోట్ల ఆనించాలి. అందుకు మూడు అల్యూమినియం త్రికోణాలు కావాలి, మూలమూలకీ ఒక మెత్తటి ఫెల్ట్ గుడ్డ ముక్క. ఒక్కో త్రికోణం ఒక్క బోల్టు మీద తూగుతూ ఉండాలి. దుర్గ్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి రేకు తెచ్చాను. ఆయన చక్కగా కోశారు. కోసి, నట్లు బిగించేశారు.

"ఇవి ఊగాలండీ."

"ఊగేదాన్ని సపోర్టంటారేటి? ప్లాంటులో ఇలా చేస్తే నన్ను తగిలేస్తారు."

అప్పుడే ఒత్తిన పచ్చి అప్పడం తెచ్చి ఆయన మూడు వేళ్ల మీద పెట్టాను. వేళ్ల మధ్య జారి వేలాడింది. రెండు చేతుల వేళ్లూ పెట్టించాను. నిలిచింది.

"ఇప్పుడు ఒక్క వేలు పైకెత్తండి."

అప్పడం అక్కడ ఉబ్బింది.

"పక్క వేళ్ల మీద బరువుందా?"

"లేదు," అన్నారు. "ఆ ఒక్కటే మోస్తంది."

"త్రికోణం ఊగితే మూడు మూలలూ బరువు పంచుకుంటాయి," అన్నాను.

ఆయన ఆకురాయి తీసుకుని మూడు రంధ్రాలూ కాస్త వెడల్పు చేసి, నట్లు వదులుగా పెట్టారు. వేలితో తాకితే త్రికోణాలు తక్కెడల్లా తూగాయి.

ఆ సాయంత్రం పక్కింటి హిందీ దీదీ కూడా డాబా ఎక్కింది. కంటికి ఒక్కటిగా కనిపించే చుక్క వైపు తిప్పి చూడమన్నాను.

"అరే, ఏ తో దో హై!" రెండున్నాయే అని ఆశ్చర్యపోయింది.

ఆవిణ్ణి పక్కకి జరగమని ఆయన చూశారు. చాలాసేపు చూశారు. "రెండూ గుండ్రంగానే ఉన్నాయే," అన్నారు.

ఆకాశం అంచుకి దిగిన చుక్కలు మాత్రం ఇంకా కొంచెం సాగినట్టు కనిపిస్తున్నాయి. గొట్టం వంచినప్పుడు అద్దం బరువు అంచు మీద పడుతోంది. ఆ అంచుని మోసేలా అడుగున బెల్టుతో ఊయల కట్టాలి. రేపు బడి నుంచి రాగానే అదే పని.