అబ్బ సొమ్ముతో వేసిన రైలు

దేశ రాజధానిలో సివిల్స్‌కు చదివేవాళ్లుండే జియా సరాయ్‌లో మా గదికి కిటికీ అయితే ఉండేది కానీ, తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడే. రెండు వేల దశకం మొదట్లో ఆ గదిలో నాతోపాటు కడప వైపు కుర్రాడొకడు ఉండేవాడు. వయసులో చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. సివిల్స్ మెయిన్స్ తెలుగులోనే రాసి ఇంటర్వ్యూ దాకా వచ్చాడు. అతనికి అదే ఆఖరి అవకాశం.

ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు, దుబాసీని పెడతారు. కానీ ఇంగ్లీషులో మాట్లాడితేనే మార్కులని మా సందు చివర టీ కొట్టు దగ్గర ఎప్పుడో తేల్చేశారు. తేల్చిన మహానుభావుడికి ఉద్యోగం వచ్చిందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

రైళ్ల చరిత్ర ఎత్తితే మావాడికి పూనకమే. తెల్లవాళ్ల రోజుల్లో సర్కారు రైలు కంపెనీలకు భూమి ఊరికే ఇచ్చింది. పెట్టుబడికి వడ్డీ వస్తుందని పూచీ కూడా పడింది. లాభం రాకపోతే ఆ లోటు ఖజానాలోంచి పూడ్చేది. ఖజానా అంటే చాలామటుకు రైతులు కట్టిన భూమి శిస్తే.

"తెల్లోడు రైలేసినాడంటారు. యాడేసినాడన్నా? అది మన అబ్బ సొమ్ము!" అనేవాడు. కడప వైపు అబ్బ అంటే తాత. "నీ అబ్బ సొమ్మా?" అని మనం తిట్టుకునే మాటను తిరగేసి వాడేవాడు. నాకు భలే నచ్చేది.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నే వచ్చింది, ఈ దేశానికి రైళ్లు ఎవరిచ్చారని. అది మా తాతగారి డబ్బు సార్ అని ఇంగ్లీషులో అనేశాడట. బోర్డులో పెద్దాయన, మీ తాతగారికి రైలు కంపెనీలో వాటాలుండేవా అని మర్యాదగా అడిగాడట. మావాడు కంగారులో "యస్ సార్" అన్నాడట. ఆ తర్వాత శిస్తు గురించి చెప్పబోతే ఇంగ్లీషు మాటలు దొరకలేదట. వింటూ నవ్వాపుకున్నాను. అతని మొహం చూశాక నవ్వే రాలేదు.

ఫలితాల్లో అతని పేరు లేదు. ఆ ఒక్క ముక్క వల్లే పోయిందని ఎవరూ చెప్పలేరు. నాకు మాత్రం ఆ టీ కొట్టు మాట మీద ఇప్పటికీ మంటే.

ఊరికి వెళ్లిపోతూ పెట్టె సర్దుకుంటుంటే అడిగాడు.

"అన్నా, తెలుగులో చెప్పింటే వాళ్లకు అర్థమయ్యేది గదా?"

"దుబాసీ కూడా తాతగారి డబ్బనే చెప్పి ఉండేవాడులే," అన్నాను, ఓదార్పుగా.

పెట్టె మూత నొక్కిపట్టి గొళ్లెం వేశాడు.

"కానీలేన్నా. నేను మాట్లాడినట్టన్నా ఉండేది."