ఎడమ కంటి నొప్పి, ఎనిమిది ఔన్సుల కల్లు

పాల్మాకుల మొగులయ్యకు ఏటా మాఘమాసం దాటగానే ఎడమ కంటి వెనక నొప్పి మొదలయ్యేది. ఆరు వారాలు ఉండేది. ఆ ఆరు వారాలూ సరిగ్గా మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చి, గంటసేపు కన్ను పెకిలించినంత పని చేసి, వచ్చిన దారినే పోయేది. తర్వాత ఏడాది దాకా దాని ఊసే ఉండదు.

“నీ చెల్లె మొగడు పండుగకు రమ్మంటే ఒక్కనాడన్న చెప్పిన యాళ్లకు వచ్చిండా? దీన్ని చూసి నేర్చుకొమ్మను,” అనేది భార్య రుక్కమ్మ.

మొగులయ్య కల్లు కోసం తాళ్లు గీసేవాడు. ముప్పై తాటిచెట్లు తాత నాటి నుంచీ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రోజుకు మూడుసార్లు ఎక్కి గెల కొసను పలచగా చెక్కాలి. మధ్యాహ్నపు గీత సరిగ్గా నొప్పి వచ్చే వేళకే పడింది. పోయిన ఏడు చెట్టు కొనన ఉండగానే నొప్పి పట్టుకుంది. నడుముకు మోకు ఉంది కాబట్టి బతికాడు. గంటసేపు చెట్టును కావలించుకుని నుదురు మొద్దుకేసి కొట్టుకుంటుంటే కింద చేరినవాళ్లు దయ్యం పట్టిందని తీర్మానించి ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు.

ఈ ఏడు, అంటే 1943లో, ఆ ఆరు వారాలూ మధ్యాహ్నపు గీతకు పదకొండింటికే ఎక్కుతానని, ఆ చెట్ల కల్లును పాటలో పట్టిన గుత్తదారు శంకరయ్యను అడిగాడు.

“పదకొండుకు గీస్తే పొద్దూకేదాక గెల ఎండిపోదా?” అన్నాడు శంకరయ్య. “తలనొప్పి ఎవలకు లేదు? నాకు లేదా నిన్ను చూస్తే? దవాఖాన నుంచి డాక్టరు చిట్ఠీ తే. శుక్రారం దాక చూస్త. తేకుంటే నీ చెట్లు యాదయ్యకు ఇస్త.”

చిట్ఠీ తేవడం ఎంతపని అనుకున్నాడు మొగులయ్య. అప్పటికి ఆ నొప్పికి జరగని వైద్యం లేదు. ఒకాయన నుదుట వాత పెట్టాడు. మంగలి సత్తయ్య ఎడమవైపు పళ్లలో పురుగుందని రెండు పీకాడు. నొప్పి తగ్గకపోతే పురుగు పక్క పన్నులోకి జరిగిందన్నాడు. మిగిలిన ఊరంతా కలిసి ఒకే మందు చెప్పింది: వేడి చేసింది, చల్లగా కల్లు తాగి పడుకో. ఆ రెండూ అతనికి విషమే. మిగతా ఏడాదంతా లొట్టెడు తాగి కుండ ఖాళీ చేసినా ఏమీ కాదు. ఆ ఆరు వారాల్లో మాత్రం గుక్కెడు తాగితే అరగంటలో నొప్పి వచ్చి కూర్చునేది. పడుకుంటే రెండింతలయ్యేది.

శంషాబాద్ సర్కారు దవాఖాన పన్నెండింటికి మూసేస్తారు. మధ్యాహ్నాలు డాక్టరు సైకిలు మీద ఊళ్లు తిరిగి సూదులు వేస్తాడు. పట్నం నుంచి కొత్తగా వచ్చిన అనంతయ్య డాక్టరు కచ్చితమైన మనిషి. మొగులయ్య మూడుసార్లు పొద్దున్నే వెళ్లాడు. మూడుసార్లూ ముఖం నిగనిగలాడుతూ ఉంది.

“నొప్పేది?”

“రెండు గంటలకు వస్తది సార్.”

“అదేమన్న రైలా, టైముకు రానీకి?” అన్నాడు డాక్టరు. “పని ఎగ్గొట్టనీకి దవాఖాన దొరికింది నీకు. పో, పోయి జర పండుకో.”

గురువారం నాడు మొగులయ్య నాలుగోసారి వెళ్లాడు. ఈసారి భుజాన పొద్దుటి కల్లు లొట్టి ఉంది. వెనక రుక్కమ్మ ఉంది.

“ఇదేంది?” అని లేచాడు డాక్టరు. “దవాఖానల కల్లా!”

“మీరు రెండుకు రారు, అది పొద్దుగాల రాదు,” అన్నాడు మొగులయ్య. “అందుకే దాన్ని పిలుచుకొద్దామని తెచ్చిన సార్. జర తాగుత. అరగంట చూడుర్రి. ఎడమ కన్ను ఎర్రగైతది, నీళ్లు కారుతయి, రెప్ప వాలుతది. గట్ల గాకుంటే నా చెట్లు పోనీయుర్రి.”

“కల్లు తాగితే ఎవని కండ్లయినా ఎర్రగైతయి.”

“రెండూ ఐతయి సార్,” అంది రుక్కమ్మ. “ఈయనది ఒకటే. నమ్మకుంటే మీ మనిషికి గూడ పొయ్యుర్రి, పక్కపక్కన నిలబెట్టి చూడుర్రి.”

డాక్టరు కంపౌండరు ఈశ్వరయ్య వైపు చూశాడు. ఈశ్వరయ్య రెండు చెవులూ పట్టుకున్నాడు.

“రామ రామ! నేను ముట్ట సార్. మా ఇంట్ల వాసన గూడ పడది.”

రుక్కమ్మ అతని వైపు చూసి ఏమీ అనలేదు. ఆదివారాలు ఈశ్వరయ్య ఏ చెట్టు కింద కూర్చుంటాడో ఆమెకు తెలుసు. అనకపోవడంతో ఈశ్వరయ్య ఇంకా భయపడి, “ఇల్మ్ కోసం, సదువు కోసమంటే కాదంటనా సార్?” అన్నాడు.

డాక్టరు మందుగ్లాసుతో కొలిచి ఇద్దరికీ ఎనిమిదేసి ఔన్సులు పోశాడు. గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాడు. తొమ్మిది గంటల పది నిమిషాలు. ఈశ్వరయ్య కళ్లు మూసుకుని, చేదు మందు తాగుతున్నట్టు నటిస్తూ, ఒక్క గుటకలో తాగాడు.

“సార్, నాకు కొలత జర తక్కువైందేమో. తక్కువైతే పరీక్ష చెడిపోదా?”

ఇరవై నిమిషాల దాకా ఏమీ కాలేదు. డాక్టరు పెదవి విరిచాడు. తర్వాత మొగులయ్య మాటలు ఆగిపోయాయి. ఎడమ కంట్లోంచి నీళ్లు జారాయి. లేచి నిలబడ్డాడు. గోడ నుంచి గోడకు నడవడం మొదలుపెట్టాడు.

“పండుకో, పండుకో,” అని డాక్టరు బల్ల చూపించాడు.

“పండుకోమనకుర్రి సార్, మీదపడి కొట్టినా కొడ్తడు,” అంది రుక్కమ్మ. “ఇటు రారి. రెప్ప చూడుర్రి, వాలింది. ఇగ ముక్కు కారుతది. అది గూడ ఎడమ తొర్రే. కుడి దిక్కు ముట్టుకొని చూడుర్రి, ఏమన్న ఉన్నదా?”

డాక్టరు అతని వెంట నడుస్తూనే చూశాడు. నిలబడమంటే నిలబడడు. ఎడమ కనుపాప కుడిదానికంటే చిన్నదిగా ఉంది. నుదుటి మీద ఎడమ సగానికే చెమట పట్టింది. మొగులయ్య తలుపు చెక్కకు నుదురు ఆనించి గుద్దుకుంటుంటే డాక్టరు తన అరచేయి అడ్డం పెట్టాడు. కాగితం మీద రాయడం మరిచిపోయాడు.

బయట అరుగు మీద ఈశ్వరయ్య రోగులందరినీ వరసపెట్టి మామా, బావా అని పిలుస్తున్నాడు.

“సార్,” అని లోపలికి కేకేశాడు, “నా రెండు కండ్లూ మంచిగున్నయి! రాసుకోండ్రి!”

పదిన్నరకు నొప్పి వదిలింది. మొగులయ్య గడప మీద కూలబడి ముఖం తుడుచుకున్నాడు.

“ఇది నాటకం కాదు,” అన్నాడు డాక్టరు మెల్లగా. “దీని పేరు నాకు తెల్వదు. నా చదువుల చెప్పలే.”

“పేరు ఎనుక పెట్టుకుందురు గని, చిట్ఠీ రాయుర్రి,” అంది రుక్కమ్మ.

డాక్టరు ఉర్దూలో రాస్తూ ఒక్కో మాటా పైకి చదివాడు. నొప్పి ఒక పక్కనే. వేళకే వస్తుంది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా చెట్టు ఎక్కకూడదు. వచ్చినప్పుడు పడుకోబెట్టకూడదు. ఈ వారాల్లో గుక్కెడు కల్లు తాగినా వస్తుంది.

“పండ్లు పీకద్దని గూడ.”

అదీ రాశాడు.

శుక్రవారం శంకరయ్య ఆ చిట్ఠీని మూతి ముడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి ముడి విడిపోయింది.

“ఈ వారాలల్ల కల్లు అసలే ముట్టవా?”

“ముడితే చస్త.”

శంకరయ్య చిట్ఠీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని కింద గీసేవాళ్లలో కొనన నిండుగా ఉన్న లొట్టిని గుక్కెడన్నా తాగకుండా నేల దాకా నిండుగా దించినవాడు ఇంతవరకు లేడు.

“సరే, పదకొండుకే ఎక్కు,” అన్నాడు. “నీ ముప్పై నీకే. ఈ ఆరు వారాలు చెరువు దిక్కున్న పన్నెండు చెట్లు గూడ నువ్వే గియ్యి.”

మర్నాడు మొగులయ్య నలభై రెండు చెట్లు ఎక్కి దిగేసరికి మోకు ఒరిసి నడుము కమిలింది. రెండు గంటలకు మాత్రం నేల మీదే ఉన్నాడు. ఎడమ కన్ను చేత్తో అదుముకుని ఇంటి వెనక అటూ ఇటూ తిరుగుతున్నాడు. చిట్ఠీ సంగతి అప్పటికే విన్న ఊరివాళ్లు దారిన పోతూ చూశారు. పడుకోమని ఒక్కరూ అనలేదు.